తెల్లపిడుగు చేతులు

అద్దంకి,
12 అక్టోబరు 2025.

షారోనూ,

మావయ్య దీవెనలు.

నిన్న మీ అమ్మ మా ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడవకుండానే, "నీ తెల్లపిడుగు మా పిల్ల చేతికొచ్చాడంట్రా ఇమ్మానియేలూ" అంది. తాగుతున్న టీ పొలమారింది. అక్కకు ఈ బొమ్మల పుస్తకాలంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. ఆమె నోట ఆ పేరు వినడమే ఒక వింత. మీ కంపెనీ వాళ్లు తెల్లపిడుగును మళ్లీ కొత్తగా తెస్తున్నారనీ, బొమ్మలు గీసే పని నీకు ఇచ్చారనీ చెప్పింది. ఫోను చేద్దామనుకుని మానేశాను. ఫోనులో నువ్వు ఊఁ కొడుతూ అవతల నీ పని నువ్వు చేసుకుంటావు. ఉత్తరానికి ఊఁ కొట్టడం కుదరదు.

నువ్వు నా ట్రంకు పెట్టెలోని పుస్తకాలు చూసే పెరిగావు. అయినా చెబుతాను, ఎందుకంటే మీ కంపెనీలో చెప్పేవాళ్లు ఉండరు. తెల్లపిడుగు ఆకాశం నుంచి ఊడిపడినవాడు కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కూలివాడు. బట్టీ పేలి, కాలుతున్న సున్నం ఒంటికి అంటుకుని, చావకుండా లేచినవాడు. పిడికిలి బిగిస్తే మెరుపు. అంతకు మించి శక్తులేమీ లేవు. ఎగరడు. ఎర్రబస్సులో పోతాడు. అందుకే నాకు నచ్చాడు. మిగతా హీరోలంతా మేడల మీద నుంచి దూకుతారు, వాళ్లకు టికెట్టు కొట్టే పని నాలాంటి కండక్టరుకు ఎప్పుడూ పడదు.

కాబట్టి విను. భుజాన దుప్పటి కట్టకు. బస్తాలు మోసేవాడి ఒళ్లు వేరు, అద్దం ముందు పెంచిన ఒళ్లు వేరు, ఆ తేడా చూసుకో. ఒంటి చుట్టూ ఉండే తెల్ల అంచు మరిచిపోకు. గుర్తుందా? ఎర్ర చొక్కాకూ నల్లగీతకూ మధ్య సన్నగా తెల్లగా ఉంటుంది. కోపం వచ్చినప్పుడు ఆ అంచు వెడల్పవుతుంది, నెమ్మదించినప్పుడు సన్నబడుతుంది. లోపలి సున్నం వేడి అది. ఇది కనిపెట్టింది నేనే. హైస్కూల్లో దీని మీద కొట్టుకున్నాం కూడా.

కథ రాసిన రుద్రకిరణ్ గారు మహానుభావుడు. బొమ్మలేసిన జక్కి మాత్రం ఒట్టి చేతకానివాడు. చేతులు గీయడం రాదు. ఏ పేజీ చూసినా తెల్లపిడుగు చేతులు వీపు వెనకో, పొగలోనో, బస్తా కిందో ఉంటాయి. మెరుపు కొట్టే పిడికిలి కూడా సగం మెరుపులో మునిగిపోతుంది. తెలుగులో మంచి సూపర్‌హీరోలు ఎదగకపోవడానికి ఇలాంటి బొమ్మలవాళ్లే కారణమని ఆ రోజుల్లోనే ఆ పుస్తకాలు వేసే పత్రికకు ఉత్తరం రాశాను. వేశారు కూడా.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి దాచాను. ముసుగు తీస్తే అతని పేరు ఏసోబు. మీ తాత పేరు. బళ్లో హాజరు పిలిచేటప్పుడు మాస్టారు తండ్రి పేరు కూడా చదివేవాడు. "ఇమ్మానియేలు, తండ్రి ఏసోబు" అనగానే వెనక బెంచీ అంతా కిసుక్కుమనేది. నాన్న జిన్నింగు మిల్లులో పత్తి బోరేలు మోసేవాడు, ఆ పేరు పిలిచి తిట్టడం అందరికీ అలవాటు. తెల్లపిడుగు మొదటి పుస్తకం వచ్చిన వారంలో అదే వెనక బెంచీ నా దగ్గర వరస కట్టింది, "ఒరేయ్, ఏసోబు పుస్తకం ఒకసారియ్యరా" అని. నేను తల ఎత్తుకుని నడిచింది ఆ వారమే. ఆ పేరు జోలికి ఎవరినీ రానివ్వకు.

బస్సు వేళయింది.

మావయ్య
ఇమ్మానియేలు

హైదరాబాదు,
20 అక్టోబరు 2025.

మావయ్యా,

వందనాలు. నీ ఉత్తరం మా గదిలో అమ్మాయిలందరికీ చదివి వినిపించాను. ఎర్రబస్సు దగ్గర చప్పట్లు కొట్టారు.

నువ్వు జక్కిని తిడితే మాత్రం ఒప్పుకోను. నాకు బొమ్మలు నేర్పింది ఆయనే. ఏడేళ్లప్పుడు నీ పుస్తకాల మీద పల్చటి కాగితం పెట్టి గీస్తూ, పెన్సిలు గట్టిగా నొక్కి పేజీ చింపితే నువ్వు నా చెవి మెలేశావు, జ్ఞాపకముందా? ఆయన బట్టీ పొగ చూడు. ఆ పొగలో మనిషి దగ్గు వినిపిస్తుంది. నువ్వు ఎప్పుడూ బొమ్మల తలల పక్కనుండే బెలూన్లలో మాటలే చదివావు మావయ్యా. నీకు రాత కనిపిస్తుంది, నాకు బొమ్మ కనిపిస్తుంది. అదే మనిద్దరికీ తేడా.

ఇక అసలు సంగతి. నీ దగ్గర దాచలేను. కంపెనీ వాళ్లు రుద్రకిరణ్ గారి దగ్గర హక్కులు తీసుకున్నారు. కథ మారుస్తున్నారు. ఇప్పుడతను ఒక రాజకుమారుడి మరుజన్మ. బట్టీలో పని చేస్తూ పెరుగుతాడు కానీ పుట్టుక వేరు. పేరు విజయేంద్ర. ఏసోబు అంటే ఈ కాలం పిల్లలకు ఎక్కదని మీటింగులో అన్నారు. నేను నోరు విప్పాను. "నువ్వు బొమ్మలు చూసుకోమ్మా" అన్నారు. బొమ్మలు గీసేవరకే నా పని. బెలూన్లలో మాటలు నింపేది వేరే విభాగం.

ఇంకా ప్రయత్నిస్తాను. నువ్వు బీపీ మాత్ర వేసుకో.

షారోన్

నరసరావుపేట బస్టాండు,
30 అక్టోబరు 2025.

షారోనూ,

మాత్ర వేసుకున్నాను. ఏమీ తగ్గలేదు.

పుట్టుక వేరు అంటే ఏమిటి? కూలివాడికి మెరుపు రాకూడదా? వచ్చిందంటే వాడి రక్తంలో రాజు ఉండి తీరాలా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవడో కన్న బిడ్డకు వీళ్లెవరు పేరు మార్చడానికి?

తుపానుకు పత్తి చేలన్నీ నీళ్లలో నిలబడ్డాయి. బస్సు నిండా తడిసిన ముఖాలే. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి నిలబడే చోటు కూడా లేదు. ఈ ఉత్తరం ఒక చోట కూర్చుని రాద్దామంటే కుదరడం లేదు. మొదలుపెట్టింది ఇక్కడ, ముగించేది ఏ ఊళ్లోనో తెలియదు. నిద్రలో కూడా ఆ విజయేంద్రగాడితో తగువు పడుతున్నాను.

నీకొక దారి చెబుతాను. రుద్రకిరణ్ గారు గుంటూరులోనే ఉన్నారు, బ్రాడీపేటలో. అసలు పేరు చెంచురామయ్య. నువ్వు వెళ్లి కలువు. ఆ కాలంలో ఒక బట్టీ కూలివాడికి ఏసోబు అని పేరు పెట్టి నిలబెట్టిన గుండె ఆయనది. తన హీరో పేరు తీసేస్తున్నారని తెలిస్తే ఊరుకోడు. ఆయన ఒక్క మాట అంటే మీ కంపెనీ తోక ముడుస్తుంది. నా పేరు చెప్పు. పాఠకుల ఉత్తరాల ఇమ్మానియేలు అంటే గుర్తుపడతారు.

ఆ జక్కి సంగతి మాత్రం ఎత్తకు.

మావయ్య

హైదరాబాదు,
16 నవంబరు 2025.

మావయ్యా,

పోయిన ఆదివారం గుంటూరు వెళ్లి రుద్రకిరణ్ గారిని కలిశాను. బాగున్నారు. మంచి కాఫీ ఇచ్చారు. పాత పుస్తకాలన్నీ చూపించారు. పేరు గురించి మాట్లాడాను. కష్టమేనేమో అనిపిస్తోంది.

ఒక చిన్న పని చేసి పెడతావా? నీ పెట్టెలో మొదటి పుస్తకం తీసి, ఏసోబు అన్న పేరు ఉన్న బెలూన్లు జాగ్రత్తగా చూడు. ఆ అక్షరాలు పక్క అక్షరాల కన్నా ఏమైనా తేడాగా ఉన్నాయా?

జక్కి గారు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో నీకేమైనా తెలుసా?

షారోన్

అద్దంకి,
24 నవంబరు 2025.

షారోన్‌కు,

ఇంత పెద్ద మనిషిని కలిసి వచ్చి నాలుగు ముక్కలు రాశావు. కాఫీ సంగతి రాశావు. ఆయన ఏమన్నాడో రాయలేదు. కష్టం అంటే ఎవరికి కష్టం? నువ్వు అడగనే లేదని నా అనుమానం.

నిన్న మీ అమ్మ అంది, నీకు కంపెనీలో హోదా పెరిగిందట, టీముకు పెద్దను చేశారట. చాలా సంతోషం. ఎప్పుడు పెరిగిందో, ఎందుకు పెరిగిందో నేను అడగను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, చెప్పకపోతే అడిగేవాడే లోకువ.

అక్షరాలు చూడమన్నావు. చూడలేదు. మధ్యలో ఆ జక్కి ఎందుకు వచ్చాడు? నేను వద్దన్న మనిషిని వెతుకుతున్నావు, అడగమన్న మాట అడగలేదు. నీకు తాత పేరు బరువైతే చెప్పెయ్. నాకు ఇక రాయొద్దు.

ఇమ్మానియేలు

హైదరాబాదు,
1 డిసెంబరు 2025.

మావయ్యా,

రాయొద్దన్నావు కాబట్టే రాస్తున్నాను.

అడగలేదా? కాఫీ కప్పు పక్కన పెట్టి మొదట అడిగింది అదే. రుద్రకిరణ్ గారు నవ్వారు. ఆయన అన్న మాటలు అలాగే రాస్తున్నాను. "ఏసోబు నేను పెట్టిన పేరు కాదమ్మా. నేను రాసింది విజయేంద్ర. బొమ్మలవాడు మార్చేశాడు. పుస్తకం అచ్చయి బస్టాండుల్లోకి వెళ్లిపోయాక చూసుకున్నాను. ఈలోగా జనానికి నచ్చింది, పత్రికాయన మార్చనివ్వలేదు. ఇన్నేళ్లూ నాది కాని పేరు మోశాను. ఇప్పటికి హీరోకు తగ్గ పేరు వస్తోంది, సంతోషం."

అది ఎలా జరిగిందో కూడా చెప్పారు. ఆ రోజుల్లో బెలూన్లలో అక్షరాలు కూడా బొమ్మలు గీసేవాడే చేత్తో రాసేవాడు. పేజీ నేరుగా అచ్చు ప్లేటుకు వెళ్లిపోయేది. మధ్యలో ఎవరూ చదివేవాళ్లు కాదు. అందుకే నిన్ను అక్షరాలు చూడమన్నాను. పక్క మాటల కన్నా ఆ పేరు కుదురుగా, ఒత్తి రాసి ఉంటుంది. అది ప్రేమగా రాసిన చెయ్యి.

ఇది నీకు ఎలా రాయను? నలభై ఏళ్లుగా నువ్వు దండం పెట్టిన మనిషి అలా అన్నాడని? నువ్వు తిట్టిన మనిషే తాత పేరు పెట్టాడని? నా హోదా పెరిగింది వేసవిలో. అమ్మకు ఇప్పుడు చెప్పాను, అంతే. నేను అమ్ముడుపోయాననుకున్నావు. అది చదివి భోజనం మానేసి ఏడ్చాను.

జక్కి గారి సంగతి వెతికి కనుక్కున్నాను. అసలు పేరు జక్రయ్య. పిడుగురాళ్లలో పాత బట్టీల వైపు, చర్చి వెనక సందులో ఉంటారట. నీ బస్సు అక్కడికే పోతుంది.

షారోన్

పిడుగురాళ్ల బస్టాండు,
14 డిసెంబరు 2025.

అమ్మా షారోనూ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. జేబు దగ్గర చొక్కా కాలినట్టుండేది. ఇవాళ బస్సు ఇక్కడ ఆగే వ్యవధిలో, డ్రైవరు మాలిక్‌ను భోజనానికి పంపి, ఆ సందులోకి నడిచాను.

జక్రయ్య గారు గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేనెవరో చెప్పగానే, "చేతులు గీయటం రాదని రాసింది నువ్వేనా?" అన్నారు. నేల చీలితే బాగుండుననిపించింది. ఆయన మాత్రం పక్కకు జరిగి గడప మీద చోటిచ్చారు.

తెల్ల అంచు సంగతి అడిగాను. ఆయనకు నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. "ఏందయ్యా, అదా? తెనాలి ప్రెస్సులో ఎరుపు ప్లేటు జరిగేది. ఎరుపు ఓ పక్కకి పోయి ఈ పక్క కాయితం బయటపడేది. ఎన్నిసార్లు పోట్లాడానో ఆ మిషనోడితో!" అన్నారు. అంటే ఆ అంచును వెడల్పు చేసింది తెల్లపిడుగు ఒంటి వేడి కాదు, మిషనులో వదులైన బోల్టు. ఆ అంచు కోసం నేను స్కూల్లో ఒకడి పెదవి చితక్కొట్టాను.

చేతుల గురించి ఆయనే చెప్పారు. "రచయితగారు హీరో చేతులు అందంగా ఉండాలన్నాడు. మా నాయన ఇక్కడ బట్టీలో చేశాడు. సున్నానికి వేళ్లు పగిలి, గోళ్లు ఊడి ఉండేయి. బట్టీ కూలోడికి సినిమావోడి చేతులు ఎట్టా పెట్టను? మా నాయన చేతులు పెడితే ఆయన ఒప్పుకోడు. అందుకని దాచా. అన్ని పుస్తకాల్లోనూ దాచా."

పేరు కూడా వాళ్ల నాన్నదే. మా నాన్న పేరూ అదేనని చెప్పాను. చిక్కుడుకాయల పళ్లెం ఇద్దరి మధ్యా పెట్టి, "ఒలువు" అన్నారు. ఇద్దరం ఒలిచాం.

మీ కంపెనీ పేరు తీసేస్తోందని చెబితే కోప్పడతారనుకున్నాను. "బెలూన్లు వాళ్లయ్యి బాబూ, బొమ్మ మాత్రం గీసేవాళ్లది. నీ మేనకోడలికి ఆ మాట చెప్పు" అని ఊరుకున్నారు. ఆ మెత్తదనమే నాకు నచ్చలేదు. నువ్వు మెత్తబడకు. నిన్ను అనరాని మాట అన్నాను, తప్పే. కానీ పేరు విషయంలో పట్టు విడవకు. మాలిక్ హారను కొడుతున్నాడు.

మావయ్య

అద్దంకి,
28 డిసెంబరు 2025.

షారోనూ,

క్రిస్మస్‌కు వచ్చి నా ముఖం చూడకుండా వెళ్లిపోయావు. నాకు డ్యూటీ ఉందని తెలుసు, ఒక్క పూట ఆగి ఉండొచ్చు. పైగా అక్క చెప్పింది, అటక మీద నుంచి నాన్న క్యారేజీ దింపించుకుని తీసుకుపోయావట. అది నాన్న మిల్లుకు పట్టుకెళ్లిన స్టీలు క్యారేజీ. దానిలో ఆఫీసుకు పులిహోర పట్టుకెళతావా? అక్కడ అంగళ్లలో గిన్నెలు దొరకవా? జాగ్రత్తగా చూసుకో, అంతే చెబుతున్నాను.

పేరు సంగతి ఏమైంది? ఒక ముక్క రాయి. కాలు ఒక చోట నిలవడం లేదు.

మావయ్య

హైదరాబాదు,
18 జనవరి 2026.

మావయ్యా,

క్యారేజీ భద్రంగా ఉంది. నీ ముఖం చూస్తే అబద్ధం చెప్పలేనని పారిపోయాను.

పేరు నిలబెట్టలేకపోయాను. మూడోసారి అడిగినప్పుడు, పని వేరేవాళ్లకు ఇస్తామన్నారు. ఆలోచించాను. నేను వదిలేస్తే అతని చేతులు ఎవరు గీస్తారు? అందుకని మానలేదు. ఉన్నాను. బొమ్మలు అయిపోయాయి. పెద్దవాళ్లు బెలూన్లన్నీ మాట మాట చదివి ఒప్పుకున్నారు. పుస్తకం వచ్చే నెలలో నీకు పంపిస్తాను.

తిట్టాలనుకుంటే చదివాక తిట్టు. జక్రయ్య గారి మాట నాకు అందింది.

షారోన్

అద్దంకి,
20 ఫిబ్రవరి 2026.

షారోన్‌కు,

పుస్తకం అందింది. మొదటి బెలూను నుంచి చివరి బెలూను దాకా చదివాను. విజయేంద్ర, విజయేంద్ర, విజయేంద్ర. పేజీకి ఒకసారి ఎవరో ఒకరు ఆ పేరు పెట్టి పిలుస్తారు. కలలో కోట, కత్తి, కిరీటం. ఏసోబు ఎక్కడా లేడు. ఒక్క బెలూనులో లేడు.

నువ్వు ఉండి ఏం చేశావు? ఆ పని వదిలేసి వచ్చినా నాకు గర్వంగా ఉండేది. వెనక బెంచీ మళ్లీ నవ్వుతున్నట్టుంది, ఈసారి ఆ బెంచీ మీద నా మేనకోడలు కూడా కూర్చుంది. పుస్తకం మీ అమ్మ ఇంట్లో పడేసి వచ్చాను. ఉత్తరం ఇప్పుడే డబ్బాలో వేస్తున్నాను, లేకపోతే మనసు మారుతుంది.

ఇమ్మానియేలు

అద్దంకి,
21 ఫిబ్రవరి 2026.

అమ్మడూ,

నిన్నటి ఉత్తరం నీకు ముందు చేరుతుంది. పోస్టాఫీసు తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాను, డబ్బాలో పడ్డది తిరిగి ఇవ్వరట. దాన్ని చించెయ్. చదివి ఉంటే, మరిచిపో.

పొద్దున్నే మీ అమ్మ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తన జన్మలో ఒక్క బెలూను చదవని మనిషి. ఈసారీ చదవలేదు. మొదటి పేజీ నా ముఖం మీద పెట్టి, "ఏరా, కళ్లున్నాయా నీకు? ఇది నాన్న క్యారేజీ కదంట్రా!" అంది.

అప్పుడు చూశాను. నిన్న ఆ పేజీలో నేను చదివింది పైన ఉన్న బెలూను ఒక్కటే. కింద పేజీ సగాన అతని రెండు చేతులు ఉన్నాయి. ఎక్కడా దాచలేదు. పగిలిన వేళ్లు, సగం గోళ్లు, చర్మం మడతల్లో సున్నం. ఆ చేతుల్లో క్యారేజీ. దాని మూత మీద, అంగట్లో స్టీలు సామాను కొన్నప్పుడు కొట్టించే చుక్కల అక్షరాల్లో, ఏసోబు. నాన్న మిల్లులో ఎక్కడా పారేసుకోకుండా అక్క దగ్గరుండి కొట్టించిన పేరు, అవే వంకర చుక్కలు. ఆ తర్వాత ప్రతి అధ్యాయంలో ఎక్కడో ఒక చోట క్యారేజీ ఉంది. మాటలన్నీ చదివి ఒప్పుకున్న మీ పెద్దవాళ్లు గిన్నె మీద పేరు చదవలేదు. వాళ్లను ఏమనను? నేనూ చదవలేదు.

కలలో రాజకుమారుడు బంగారు పళ్లెంలో తింటాడు. మెలకువ వచ్చాక ఎవరి అన్నం తింటున్నాడో నువ్వు రాసిపెట్టావు.

అక్క ఆ బొమ్మ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. నేను వాకిట్లోకి వెళ్లి తొట్టిలో నీళ్లు లేవని అబద్ధం చెప్పి బిందె పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది షారోనూ. ఎందుకు దాచాలి?

మధ్యాహ్నం పిడుగురాళ్ల డ్యూటీ. పుస్తకం జక్రయ్య గారికి ఇచ్చి వస్తాను. ఆయనకు నేనేమీ చూపించక్కర్లేదు, ఆయన కళ్లు ముందు బొమ్మ మీదికే పోతాయి.

ఇంకొకటి. ఆ చేతుల చుట్టూ, క్యారేజీ చుట్టూ సన్నగా తెల్ల అంచు ఉంది. పేజీ వెనక్కి తిప్పి, వెలుతురుకు పెట్టి, వేలితో రుద్ది కూడా చూశాను. ఈ కాలపు మిషన్లలో ఎరుపు పక్కకు జరగదు. ఇది చేత్తో గీసిన అంచే.

మావయ్య